కాలేజీ ఇక్కడ, యంత్రం ఎక్కడ? రేడియేషన్ టెక్నాలజిస్టుల చదువు తీరుపై ఒక పరిశీలన

క్లుప్తంగా: రేడియోథెరపీ, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ డిగ్రీల విలువ తరగతి గదిలో కాదు, యంత్రం దగ్గర గడిపే గంటల్లో తేలుతుంది. ఐసోటోపుల (రేడియేషన్ వెదజల్లే పదార్థాల) ఆయుష్షు, ఆసుపత్రికి ఉన్న అనుమతులు, 2021 నాటి జాతీయ చట్టం కలిసి ఈ శిక్షణ ఎక్కడ సాధ్యమో నిర్ణయిస్తున్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వరకు చూస్తే రేడియోథెరపీ శిక్షణకు అవకాశం దగ్గరలో ఉంది. న్యూక్లియర్ మెడిసిన్‌లో కొంత భాగానికి బయటి ఊళ్ల మీద ఆధారపడక తప్పదు.

ఇంటర్ ఫలితాలు రాగానే కావలి, ఒంగోలు, మార్కాపురం లాంటి ఊళ్లలో పారామెడికల్ కోర్సుల ఫ్లెక్సీలు వెలుస్తాయి. రేడియాలజీ, ఇమేజింగ్, రేడియోథెరపీ, న్యూక్లియర్ మెడిసిన్ అన్నీ ఒకే వరుసలో, ఒకే రంగులో కనిపిస్తాయి. ఎంబీబీఎస్ సీటు రాని బైపీసీ విద్యార్థి కుటుంబం వాటి ముందు నిలబడి అడిగేది సాధారణంగా ఒక్కటే: ‘దీంతో ఉద్యోగం వస్తుందా?’ జవాబు కోర్సు పేరులో దొరకదు. ఆ పేరు వెనుక ఏ యంత్రం ఉంది, దాన్ని ఎవరు నడుపుతున్నారు, విద్యార్థిని దాని దగ్గరికి రానిస్తారా అన్న విషయాల్లో ఉంది.

పేరు దగ్గరదే, పని వేరు

ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్ఐ తీసేవారు రేడియోగ్రాఫర్లు లేదా ఇమేజింగ్ టెక్నాలజిస్టులు. వీరి పని చిత్రం తీయడంతో ముగుస్తుంది. రేడియోథెరపీ టెక్నాలజిస్టు చేసేది చికిత్స. జనం ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే క్యాన్సర్ వైద్యంలో, డాక్టరు రాసిన మోతాదును మెడికల్ ఫిజిసిస్టు (రేడియేషన్ లెక్కలు చూసే భౌతికశాస్త్ర నిపుణుడు) వేసిన ప్లాను ప్రకారం రోగి శరీరంలో సరిగ్గా ఆ చోటికే చేర్చడం ఈ ఉద్యోగి బాధ్యత. న్యూక్లియర్ మెడిసిన్‌లో రేడియేషన్ వచ్చేది యంత్రంలోంచి కాదు. రోగికి ఎక్కించిన మందే దాన్ని విడుదల చేస్తుంది, బయట ఉన్న గామా కెమెరా పట్టుకుంటుంది. అంటే ఇక్కడి టెక్నాలజిస్టు సగం ఫార్మసీ పని, సగం ఇమేజింగ్ పని చేస్తాడు.

ఇవి ఒకదానికొకటి బదులు కావు. రేడియోగ్రఫీ డిప్లొమా ఉన్నవారిని రేడియోథెరపీ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ యంత్రం మీద కూర్చోబెట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. రేడియోథెరపీ డిగ్రీతో గామా కెమెరా నడపడమూ కుదరదు. ఫ్లెక్సీలో పక్కపక్కనే ఉన్నంత మాత్రాన ఒక కోర్సులో చేరి తర్వాత ఇంకొకదానికి మారవచ్చని అనుకోవడం పొరపాటు.

హాట్ ల్యాబ్‌లో ఒక ఉదయం

న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో రోజు మొదలయ్యేది హాట్ ల్యాబ్‌లో, అంటే రేడియేషన్ మందులు సిద్ధం చేసే గదిలో. సీసం పలకల వెనుక చిన్న డబ్బా లాంటి జనరేటర్ ఉంటుంది. అందులో మాలిబ్డినమ్-99 నిరంతరం టెక్నీషియం-99ఎంగా మారుతూ ఉంటుంది. ఒకవైపు సెలైన్ బుడ్డి, మరోవైపు గాలి తీసేసిన బుడ్డి గుచ్చితే సెలైన్‌తో పాటు టెక్నీషియం కొట్టుకొచ్చి రెండో బుడ్డిలో చేరుతుంది. దాన్ని డోస్ క్యాలిబ్రేటర్‌లో కొలవాలి. పొరపాటున మాలిబ్డినమ్ కూడా కలిసి వచ్చిందేమో పరీక్షించాలి. ఒక మిల్లీక్యూరీ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) టెక్నీషియానికి 0.15 మైక్రోక్యూరీ మాలిబ్డినమ్ దాటితే ఆ బుడ్డిని వాడకూడదు. ఆ తర్వాతే ఎముకలకు ఒక కిట్, గుండెకు ఒక కిట్, మూత్రపిండాలకు ఒక కిట్ చొప్పున కలిపి, సీసం తొడుగు వేసిన సిరంజిలోకి తీసుకోవాలి.

ఇందులో కష్టమైన భాగం చేతి పని కాదు, లెక్క. టెక్నీషియం అర్ధాయువు, అంటే బలం సగానికి తగ్గే సమయం, 6 గంటలు. ఉదయం 8 గంటలకు బుడ్డిలో 30 మిల్లీక్యూరీలు ఉంటే మధ్యాహ్నం 2 గంటలకు 15 మిగులుతాయి. మరి 11 గంటలకు ఎన్ని ఉంటాయని అడిగితే కొత్త విద్యార్థి సగటు తీసి 22.5 అంటాడు. నిజానికి 21.2. క్షయం సరళరేఖలో నడవదు, ఘాతాంకం ప్రకారం నడుస్తుంది. తేడా చిన్నదే. కానీ ఎముకల స్కాన్‌కు ఇంజెక్షన్ ఇచ్చాక రెండు మూడు గంటలు ఆగాలి, రోజుకు పదిమందికి చేయాలి, ఆలస్యంగా వచ్చే రోగి ఒకరు ఉండనే ఉంటారు. చిన్న తేడాలు ఒకదానిపై ఒకటి పేరుకుంటే సాయంత్రం రోగికి మందు చాలదు.

బైపీసీ విద్యార్థులకు ఇక్కడే చిక్కు వస్తోంది. పదో తరగతితో గణితం వదిలేసినవారు డిగ్రీ మొదటి ఏడాదిలో లాగరిథమ్‌లు, ఘాత ప్రమేయాలు, విలోమ వర్గ నియమం ఒకేసారి ఎదుర్కొంటారు. ఎంపీసీ చదివినవారికి లెక్క సులువే కానీ శరీర నిర్మాణం కొత్త. రెండు వైపులవారికీ మొదటి సెమిస్టర్‌లో వంతెన తరగతులు పెట్టని కోర్సు ఏదైనా విద్యార్థులను బట్టీలోకే నెడుతుంది. సిలబస్ పుస్తకంలో భౌతికశాస్త్రం ఎన్ని పేజీలు ఉందన్నదాని కన్నా, ఆ భౌతికశాస్త్రం ఎవరు చెబుతున్నారన్నది ముఖ్యం. మెడికల్ ఫిజిసిస్టు లేని కాలేజీలో ఈ పాఠం పైపైనే సాగుతుంది.

చెన్నై దారిలో కరిగిపోయే మందు

పెట్ స్కాన్‌లో ఎక్కువగా వాడే ఎఫ్‌డీజీ అనే మందు ఫ్లోరిన్-18తో తయారవుతుంది. దాని అర్ధాయువు సుమారు 110 నిమిషాలు. ఐసోటోపులు తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఉన్న నగరంలోనే ఇది తయారవుతుంది కాబట్టి మన ప్రాంతానికి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో రావాలి. చెన్నై నుంచి నెల్లూరుకు జాతీయ రహదారి 16 మీదుగా దాదాపు 175 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. అక్కడ 1000 యూనిట్లు బండెక్కితే నెల్లూరు చేరేసరికి మిగిలేవి 320. ఒంగోలుకు ఐదు గంటలు పడితే 150. హైదరాబాద్ నుంచి నెల్లూరుకు ఎనిమిది గంటలు పడితే 50 కూడా ఉండవు. ఇదే రహదారి మీద రొయ్యల లారీ ఐసు నింపుకొని సరుకును కాపాడుకోగలదు, ఎఫ్‌డీజీని కాపాడే ఐసు లేదు.

శిక్షణ కోణంలో దీని అర్థం సూటిగానే ఉంది. జిల్లాలో పెట్ యంత్రం వచ్చినా, పొద్దున వచ్చిన మందుతో కొద్దిమంది రోగులకే స్కాన్ చేయగలరు. బండి ఆలస్యమైన రోజు అసలు చేయలేరు. విద్యార్థికి దొరికే అనుభవమూ ఆ మేరకు తగ్గిపోతుంది.

గామా కెమెరా సంగతి వేరు. మాలిబ్డినమ్-99 అర్ధాయువు 66 గంటలు. అందువల్ల జనరేటర్‌ను వారానికొకసారి తెప్పించుకుంటే సరిపోతుంది. ఏడు రోజుల తర్వాత కూడా దానిలో ఆరో వంతు బలం మిగిలి ఉంటుంది. ముంబయి కేంద్రంగా పనిచేసే ‘బ్రిట్’ సంస్థ ఇలాంటి ఐసోటోపులను దేశమంతటికీ పంపుతుంది. కనుక నెల్లూరులోనో ఒంగోలులోనో గామా కెమెరాతో న్యూక్లియర్ మెడిసిన్ నేర్పడం సాంకేతికంగా సాధ్యం. పెట్ కోసం మాత్రం విద్యార్థిని పెద్ద నగరానికి పంపాలి. రెండూ ఇక్కడే నేర్పుతామనే కాలేజీ ఉంటే, పెట్ మందు ఏ ఊరి నుంచి, ఏ వేళకు వస్తుందో అడగడం సబబు.

థైరాయిడ్ క్యాన్సర్‌కు వాడే అయోడిన్-131కు 8 రోజుల అర్ధాయువు ఉంది కాబట్టి రవాణా పెద్ద సమస్య కాదు. అయితే ఎక్కువ మోతాదు తీసుకున్న రోగిని ప్రత్యేక గదిలో ఉంచాలి, ఆ గది మురుగునీటిని కొంతకాలం తొట్టెల్లో నిల్వ ఉంచాకే వదలాలి. ఆ కట్టడం లేని చోట ఈ పాఠం కాగితం మీదే ఉంటుంది.

చికిత్స గదిలో చేతికి పని

రేడియోథెరపీలో విద్యార్థికి దొరికే అనుభవం మరో రకం. న్యూక్లియర్ మెడిసిన్ రోగి ఒక పూట వచ్చి వెళ్లిపోతాడు. రేడియోథెరపీ రోగి వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు వస్తాడు. ఒక్కో విడతలో సాధారణంగా 2 గ్రే (శరీరం గ్రహించే రేడియేషన్‌ను కొలిచే యూనిట్) మోతాదు. కదలకుండా ఉంచడానికి మొదటి రోజు బిగించిన మాస్క్ నాలుగో వారానికి వదులవుతుంది. రోగి చిక్కిపోయాడని అది చెబుతుంది, ప్లాను మళ్లీ చూడాల్సి వస్తుంది. ఇలాంటిది వారం రోజుల ‘విజిట్’లో తెలియదు. ఒకే రోగిని ఒకే విద్యార్థి మొదటి విడత నుంచి చివరి విడత దాకా చూసేలా పోస్టింగ్ వేయడం మంచి శిక్షణకు గుర్తు.

యంత్రం రకం కూడా నేర్చుకునేదాన్ని మారుస్తుంది. కోబాల్ట్ యంత్రంలో మూలం (లోపలి కోబాల్ట్ ముక్క) ఎప్పుడూ రేడియేషన్ వెదజల్లుతూనే ఉంటుంది. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 సంవత్సరాలు. నెలకు దాదాపు ఒక శాతం బలం తగ్గుతుంది, ఆ మేరకు చికిత్స సమయం పెరుగుతుంది. చికిత్స ముగిశాక మూలం తన కవచం లోపలికి వెళ్లకుండా ఇరుక్కుంటే ఏం చేయాలో టెక్నాలజిస్టుకు నిద్రలో కూడా గుర్తుండాలి: ముందు రోగిని బయటికి తేవాలి, తలుపు మూయాలి, ఆ తర్వాతే ఫోన్లు. లీనియర్ యాక్సిలరేటర్‌లో కరెంటు ఆపితే ఎక్స్‌కిరణాలు ఆగిపోతాయి. అయితే ఇమేజ్ గైడెన్స్ (చిత్రం చూసి గురిపెట్టడం), ఇంటెన్సిటీ మాడ్యులేషన్ (కిరణాల తీవ్రతను చోటును బట్టి మార్చడం) లాంటి పద్ధతుల వల్ల అక్కడ తప్పు కంటికి కనిపించదు, కంప్యూటర్ తెర మీద అంకెల్లో దాగి ఉంటుంది. కోబాల్ట్ పాతబడిందని కొన్ని కాలేజీలు దాన్ని తీసిపారేసినట్టు మాట్లాడుతుంటాయి. లెక్కల పునాదికి అది ఇప్పటికీ మంచి బడి. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) రూపొందించిన దేశీయ కోబాల్ట్ యంత్రం భాభాట్రాన్ నేటికీ చాలా ఆసుపత్రుల్లో పనిచేస్తోంది.

కంప్యూటర్ తెర గురించి చెప్పేటప్పుడు ఫ్రాన్స్‌లోని ఎపినాల్ పట్టణ ఉదంతం ప్రస్తావించాలి. అక్కడి ఆసుపత్రిలో 2004, 2005 సంవత్సరాల్లో ప్రొస్టేట్ క్యాన్సర్ రోగులు ఇరవై మందికి పైగా రాసినదానికన్నా ఎక్కువ మోతాదు పొందారు, కొందరు మరణించారు. ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌ను తప్పుగా వాడటం దీనికి కారణమని తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్‌లో ఉంది, సిబ్బందికి వారి భాషలో వివరణ పుస్తకం లేదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థులకు ఇంగ్లిష్ తెరల మీద శిక్షణ ఇచ్చేచోట ఈ ఉదంతాన్ని పాఠంగా పెట్టాలి. తెర మీది ప్రతి హెచ్చరికకూ అర్థం తెలుగులో చెప్పగలిగితేనే విద్యార్థికి అది వచ్చినట్టు లెక్క.

డిగ్రీ ఒకరిది, నమోదు ఒకరిది, అనుమతి మరొకరిది

అయోమయంలో ఎక్కువ భాగం ఇక్కడ పుడుతోంది. రాష్ట్రంలో వైద్య అనుబంధ డిగ్రీలు ఇచ్చేది ప్రధానంగా 1986లో ఏర్పడిన విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. డిప్లొమాలు పారామెడికల్ బోర్డు పరిధిలోవి. తిరుపతి స్విమ్స్ సొంతంగా డిగ్రీలు ఇచ్చే సంస్థ. నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం సాధారణ విశ్వవిద్యాలయాలు, వాటి చేతిలో ఆసుపత్రులు లేవు.

వృత్తి నమోదు రెండో మెట్టు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం రేడియోథెరపీ టెక్నాలజిస్టు, న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజిస్టు వృత్తులను గుర్తించింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణుడిగా గుర్తింపు పొందాలంటే మూడు నుంచి ఆరేళ్ల వ్యవధిలో కనీసం 3600 గంటల డిగ్రీ ఉండాలి. అనుబంధ వృత్తికి రెండు నుంచి నాలుగేళ్లలో 2000 గంటలు. 2025లో కేంద్ర ఆరోగ్య శాఖ పది వృత్తులకు ఉమ్మడి పాఠ్యప్రణాళికలు విడుదల చేసింది. రేడియోథెరపీ టెక్నాలజీ వాటిలో ఉంది. అదే ఏడాది యూజీసీ ఈ చట్టం కిందికి వచ్చే ఆరోగ్య కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని ఆదేశించింది. ‘ఇంట్లో ఉండి రేడియేషన్ డిగ్రీ’ అనే మాట ఎవరైనా చెబితే అది నమ్మదగినది కాదని తేల్చుకోవడానికి ఇక సందేహించాల్సిన పని లేదు.

మూడోది అణుశక్తి నియంత్రణ మండలి. 1983లో ఏర్పడిన ఈ సంస్థ డిగ్రీలు ఇవ్వదు, కాలేజీలను గుర్తించదు. ఆసుపత్రిలో యంత్రం నడవాలంటే అర్హతగల డాక్టరు, ఫిజిసిస్టు, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు, టెక్నాలజిస్టులు ఉన్నారో లేదో చూసి అనుమతి ఇస్తుంది. సిబ్బంది వివరాలు దాని ‘ఈ-లోరా’ పోర్టల్‌లో నమోదవుతాయి. ఉద్యోగం ఇచ్చే ఆసుపత్రి మొదట చూసేది ఈ అభ్యర్థి పేరు అక్కడ ఎక్కుతుందా అన్నదే. చేతిలో డిగ్రీ ఉండి పోర్టల్‌లో పేరు ఎక్కకపోతే ఆ ఆసుపత్రికి ఆ అభ్యర్థి వల్ల ప్రయోజనం లేదు.

బ్రిటన్‌లో ఈ మూడు మెట్లు దాదాపు ఒకటిగా కలిసి ఉంటాయి. ఆమోదం పొందిన డిగ్రీ చదివి ఆరోగ్య వృత్తుల మండలిలో నమోదు కాకుండా థెరప్యూటిక్ రేడియోగ్రాఫర్ అనే హోదా వాడటమే నేరం. అమెరికాలో విద్యార్థి ఏ పని ఎన్నిసార్లు సొంతంగా చేశాడో సంతకాలతో చూపాకే జాతీయ పరీక్షకు అర్హత వస్తుంది. మన దగ్గర లాగ్‌బుక్ ఉంది. అయితే అది ఏడాది చివర ఒకే పెన్నుతో, ఒకే రోజు నింపిన పుస్తకమా, రోజువారీ పుస్తకమా అన్నది కాలేజీ క్రమశిక్షణను బట్టి ఉంటోంది.

పద్దెనిమిది నిండని విద్యార్థి

తల్లిదండ్రుల భయం వేరు: ‘పిల్లకు రేడియేషన్ తగలదా?’ తగులుతుంది, కానీ కొలిచి, హద్దు పెట్టి. రేడియేషన్ పనివారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి అందిన రేడియేషన్ ప్రభావాన్ని కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. సాధారణ ప్రజలకు ఏడాదికి 1. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి సహజంగా అందేది ప్రపంచ సగటున 2.4. గర్భిణి అని తెలియజేసిన ఉద్యోగిని విషయంలో గర్భస్థ శిశువుకు 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మార్చాలి.

కాలేజీలు తరచూ మరచే అంశం ఒకటుంది. ఇంటర్ ముగించి నేరుగా చేరే విద్యార్థికి చాలాసార్లు పదిహేడేళ్లే. 18 ఏళ్లు నిండనివారిని రేడియేషన్ పనివారిగా పెట్టుకోకూడదు. 16 నుంచి 18 మధ్య వయసు శిక్షణార్థులకు ఏడాది పరిమితి 6 మిల్లీసీవర్ట్‌లు. కాబట్టి మొదటి ఏడాదిలో యంత్రం దగ్గరి పనికి కాకుండా పాఠాలకు, పరిశీలనకు సమయం ఇవ్వడం సరైన పద్ధతి. నియంత్రిత ప్రాంతంలోకి వెళ్లే ప్రతి విద్యార్థికీ సొంత పేరున టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసేది) ఉండాలి, మూడు నెలలకోసారి దాన్ని కొలిపించి ఫలితం చెప్పాలి. ఒకే బ్యాడ్జిని పోస్టింగుల ప్రకారం చేతులు మార్చే చోట ఎవరి మోతాదు ఎవరిదో తెలియదు.

జిల్లాలో ఏది ముందు, ఏది తర్వాత

నెల్లూరులో ప్రభుత్వ వైద్య కళాశాల, ప్రైవేటు వైద్య కళాశాల, ఇండియన్ రెడ్‌క్రాస్ నడిపే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దక్షిణాన తిరుపతి, చెన్నై, వేలూరు అందుబాటు దూరంలోనే ఉన్నాయి. ఉదయగిరి, కనిగిరి, గిద్దలూరు వైపు నుంచి ఐదారు వారాల రేడియేషన్ కోసం చెన్నై వెళ్లే కుటుంబం వైద్యం ఖర్చు కన్నా గది అద్దె, భోజనం ఖర్చుతోనే ఎక్కువ నలుగుతుంది. ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం చికిత్స ఖర్చు భరించినా ఆ బస ఖర్చు తగ్గదు. కాబట్టి దగ్గర్లో రేడియోథెరపీ యంత్రాలు పెరిగితే రోగులు వస్తారు, రోగులు వస్తే శిక్షణకు తగిన సంఖ్య దొరుకుతుంది. ఈ జిల్లాలకు రేడియోథెరపీ టెక్నాలజీ కోర్సు ముందు, న్యూక్లియర్ మెడిసిన్ ఆ తర్వాత అనేది అందుకే సహజమైన వరుస.

2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డేకేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని ప్రకటించారు. దీన్ని చూపించి రేడియేషన్ ఉద్యోగాలు వెల్లువెత్తుతాయని చెప్పేవారున్నారు. డేకేర్ కేంద్రాల్లో ప్రధానంగా ఇచ్చేది కీమోథెరపీ. దానికి నర్సులు, ఫార్మసిస్టులు కావాలి. రేడియేషన్‌కు మందపాటి కాంక్రీటు గోడల బంకర్, అనుమతులు, ఫిజిసిస్టు కావాలి, అది వేరే పెట్టుబడి. రెండింటినీ కలిపి చెప్పడం విద్యార్థులను పక్కదారి పట్టించడమే.

బీఎస్సీ ముగించినవారికి ఇంకో దారి ఉంది. సాధారణ సైన్స్ డిగ్రీ తర్వాత న్యూక్లియర్ మెడిసిన్‌లో డిప్లొమా, ఎమ్మెస్సీ స్థాయి కోర్సులు దేశంలో కొన్నిచోట్ల ఉన్నాయి. ముంబయిలో బార్క్‌కు చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ఇందులో దశాబ్దాల అనుభవం ఉన్న సంస్థ. సీట్లు తక్కువ, ప్రవేశం కఠినం. అయినా ఫిజిక్స్ డిగ్రీ చదివిన కావలి, ఒంగోలు విద్యార్థులకు ఇది ఎవరూ చెప్పని అవకాశంగానే మిగిలిపోతోంది.

చేరబోయేవారు ప్రవేశ సమయంలోనే తేల్చుకోవాల్సిన విషయం ఇంటర్న్‌షిప్. కాలేజీకి సొంత యంత్రం లేకపోతే ఏ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం ఉందో, ఒక్కో యంత్రం మీద ఎంతమంది విద్యార్థులను పెడతారో అడగాలి. ఆ ఆసుపత్రి మరో రెండు కాలేజీల విద్యార్థులను కూడా తీసుకుంటుంటే ఒక్కొక్కరికి దక్కేది యంత్రం కాదు, యంత్రం గది తలుపు. ఇంటర్న్‌షిప్ తిరుపతిలోనో చెన్నైలోనో అయితే హాస్టల్ అద్దె, ప్రయాణ ఖర్చు ఎవరిదో, స్టైపెండ్ ఉందో లేదో ఫీజు రసీదు తీసుకునే ముందే కాగితం మీద రాయించుకోవాలి. మూడేళ్ల ఫీజు కట్టాక నాలుగో ఏడాది బస ఖర్చు భరించలేక దగ్గర్లోని ఎక్స్‌రే గదిలో ఇంటర్న్‌షిప్ ముగించిన విద్యార్థికి డిగ్రీ వస్తుంది గానీ, ఉద్యోగానికి వెళ్లిన చోట యంత్రం ముందు నిలబడే ధైర్యం రాదు.